జూడో పట్లు, వయొలిన్ వేళ్ళు: నా వారం ఇలా నడుస్తోంది, సలహా కావాలి

నల్లకుంట వయొలిన్ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఇల్లు నల్లకుంట. నిరుడు వేసవి నుంచి జూడో నేర్చుకుంటున్నాను, ఇప్పుడు ఆరెంజ్ బెల్ట్. వయొలిన్ అయితే చిన్న క్లాసుల నుంచీ ఉంది. రెండూ నాకు ప్రాణమే. ఏదో ఒకటి వదిలెయ్ అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా జూడో. సోమవారం ఎక్కువగా బ్రేక్‌ఫాల్స్, అంటే దెబ్బ తగలకుండా పడటం, తర్వాత ఉచికోమి, అంటే అవతలి మనిషిని విసిరేదాకా పోకుండా లోపలికి దూరి ఎత్తబోయి ఆగడం, పది పది చొప్పున. బుధవారం నేల మీద పట్లు. శుక్రవారం రందోరి, అంటే జతగా నిజంగా తలపడి ఆడే ప్రాక్టీసు, అందరూ ఎదురుచూసేది దానికే. మంగళ, గురువారాలు సాయంత్రం రాంకోఠిలో మాస్టారి దగ్గర వయొలిన్. రోజూ పొద్దున కాలేజీకి ముందు ఇంట్లో సాధకం. శనివారం పొద్దున ఓయూ క్యాంపస్‌లో పరుగు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవడం. చదువు వీటి మధ్యలోనే, మార్కులు బాగానే వస్తున్నాయి, దాని గురించి టెన్షన్ లేదు.

ఇబ్బంది అంతా ఎడమచేతితోనే. కుడిచేతివాటం వాళ్ళం ఎడమచేత్తో ఎదుటివాళ్ళ కుడి స్లీవ్, కుడిచేత్తో కాలర్ పట్టుకుంటాం కదా. అవతలి అమ్మాయి ఒక్క గుంజు గుంజి చెయ్యి విడిపించుకునేసరికి నా ఉంగరం వేలు, చిటికెన వేలు ఆ మందపాటి గుడ్డలో ఇరుక్కుని సాగుతాయి. శనివారం పొద్దున వయొలిన్ తీస్తే ఉంగరం వేలు నడిమి కణుపు ఉబ్బి ఉంటుంది. తీగ మీద వేలు పడుతుంది గానీ స్వరం మీద నిలవదు, నొక్కు చాలదు, గమకంలో జారాల్సిన చోట తడబడుతుంది. దీనికి తోడు చీలమండ. అడుగు ముందుకు వేసేటప్పుడు కాలు ఊడ్చే దెబ్బ సరిగ్గా కుడికాలు బయటివైపు చీలమండకే తగులుతుంది. వయొలిన్‌కి కింద కూర్చుని కుడికాలు ముందుకు పెట్టినప్పుడు నేలకు నొక్కుకునేది కూడా ఆ ఎముకే.

వచ్చే నెలలో సంగీతం పరీక్ష ఉంది, కాలేజీ తరఫున జూడో పోటీ కూడా ఉంది. ఇక్కడ ఎవరైనా జూడోతో పాటు వాద్యం వాయించినవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, వేళ్ళతో పని ఉన్నవాళ్ళు ఉంటే వారాన్ని ఎలా సర్దుకున్నారో చెప్పండి.


బర్కత్‌పురా బ్రౌన్‌బెల్ట్ | ఆదివారం రాత్రి 9:47

చెల్లీ, నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే వేళ్ళ వాపు సగం గ్రిప్ వల్లే. స్లీవ్‌ని ఐదు వేళ్ళతో గట్టిగా పిడికిలి బిగించి పట్టుకోకు. పట్టు బలం చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు ఈ మూడింటిలో ఉండాలి, చూపుడు వేలు, బొటనవేలు వదులుగా ఉండాలి. గుడ్డను లోపలికి కొంచెం మెలితిప్పి పట్టుకుంటే తక్కువ బలంతోనే నిలుస్తుంది. స్లీవ్ అంచులోపలికి వేళ్ళు దూర్చడం అసలు చెయ్యకూడదు. పోటీలో అది షిడో, అంటే తప్పు చేసినందుకు పెనాల్టీ, మూడు షిడోలు పడితే మ్యాచ్ పోయినట్టే. ఆ నియమం పెట్టింది ఊరికే కాదు, లోపల ఇరుక్కున్న వేలు విరిగేది అక్కడే.

ఇంకో సంగతి, అవతలివాళ్ళు గుంజినప్పుడు వేలాడకు. వదిలెయ్, మళ్ళీ పట్టుకో. కొత్తవాళ్ళందరికీ పట్టు పోతే పరువు పోయినట్టు ఉంటుంది, పై బెల్టుల వాళ్ళను చూడు, పోయే పట్టును క్షణంలో వదిలేసి అదే ఊపులో ఇంకో చోట పట్టుకుంటారు. మా కోచ్ సార్ ఇదొక్కటే రోజుల తరబడి చేయించేవారు. విసరడం లేదు, కింద పడెయ్యడం లేదు, పట్టుకో, వదులు, పట్టుకో, అంతే.


మెట్రో పిల్లర్ | ఆదివారం రాత్రి 10:05

సీదా మాట చెప్తాను, బాధపడొద్దు. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఎక్కడికీ చేరం. నేను ఇంటర్‌లో క్రికెట్, ఎంసెట్ కోచింగ్ రెండూ పెట్టుకున్నాను, రెండింటిలోనూ అంతంతమాత్రమే. పరీక్ష అయ్యేదాకా ఒకటి ఆపి తర్వాత మొదలుపెట్టు.


రాంకోఠి రాగం | సోమవారం ఉదయం 6:20

నేను వయొలిన్ నేర్పుతాను, నాకు జూడో తెలియదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో వాలీబాల్ ఆడేవాళ్ళు, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వేళ్ళ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి చెప్తున్నాను.

అమ్మాయీ, వాచిన వేలితో వర్ణం వాయించకు. నొప్పి ఉన్న వేలు స్వరస్థానానికి కాస్త ఇవతలే ఆగిపోతుంది, చెవి మెల్లగా దానికి అలవాటు పడుతుంది, ఆ అపశ్రుతిని తర్వాత వదిలించుకోవడం మహా కష్టం. నేను భయపడేది వేలి గురించి కాదు, చెవి గురించి.

అలాగని వయొలిన్ పెట్టె మూసెయ్యక్కర్లేదు. మన వయొలిన్‌లో చేసే పని రెండు చేతులకూ ఉంది. ఎడమచెయ్యి బాగాలేని రోజు కమాను సాధకం చెయ్యి. మంద్ర షడ్జం తీగ మీద వేలు పెట్టకుండా, కమాను కొన నుంచి పిడి దాకా ఒకే బలంతో, ఒకే వేగంతో, ఊపిరి కలుపుకుని లాగు. తర్వాత పంచమం, ఆ తర్వాత పై తీగలు. వినడానికి సులువుగా ఉంది గానీ చేస్తే తెలుస్తుంది, కమాను మధ్యలో వణకకుండా లాగడం చాలామంది పెద్ద విద్యార్థులకే రాదు. పిల్లలు దీన్ని విసుగని వదిలేస్తారు, నీకు మాత్రం వారంలో ఒకరోజు తప్పనిసరిగా దొరుకుతోంది.

ఉంగరం వేలు ఒక్కటే ఇబ్బంది అయితే ఇంకో దారి ఉంది. మన పద్ధతిలో గమకాలన్నీ ఎక్కువగా చూపుడు వేలు, మధ్య వేలు మీదే నడుస్తాయి. ఒక్క వేలితోనే స్వరం నుంచి స్వరానికి జారుతూ సరళీ స్వరాలు మాయామాళవగౌళలో వాయించు. రిషభం నుంచి గాంధారానికి ఆ దూరం ఎక్కువ కదా, ఒకే వేలితో సరిగ్గా చేరడం మంచి పరీక్ష. వాచిన వేలిని పైకి లేపి ఉంచు, తీగకు తగలనివ్వకు.

చీలమండ కింద మందపాటి తువ్వాలు మడత పెట్టుకో. పీట మీద మాత్రం కూర్చోకు, వయొలిన్ కోణం మారిపోతుంది.

మెట్రో పిల్లర్ గారూ, మీ అనుభవం మీది, కాదనను. నా దగ్గర మాత్రం ఒకటి మానేసిన పిల్లలు రెండోదానికి ఆ టైం పెట్టినట్టు ఎప్పుడూ చూడలేదు. ఆ గంట ఫోన్‌కి పోతుంది.


మెట్రో పిల్లర్ | సోమవారం ఉదయం 8:31

సరేనండి, చివరి మాట నిజమే.


ఫిజియో అక్క | సోమవారం మధ్యాహ్నం 1:15

వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టుని. ఈ చర్చలో అందరూ చదవాల్సింది ఒకటి ఉంది, ఓపిగ్గా చదవండి.

గుడ్డ పట్టుకుని ఉండగా ఎవరైనా గుంజితే వచ్చే దెబ్బల్లో చాలావరకు కణుపు బెణుకులే, వారం పది రోజుల్లో నొప్పి తగ్గుతుంది, లావు మాత్రం నెలల పాటు ఉండొచ్చు, దానికి కంగారు పడనక్కర్లేదు. కానీ రెండు రకాలు ఉన్నాయి, వాటిని బెణుకు అనుకుని ఇంట్లో కూర్చుంటే వేలు శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఒకటి, వేలి కొస కణుపు దానంతట అది వంగకపోవడం. రెండో చేత్తో వంచితే వంగుతుంది, సొంతంగా వంచమంటే కదలదు. వేలు వంచే నరం లాంటి తాడు, టెండన్ అంటాం, ఎముక నుంచి ఊడిపోయిందన్నమాట. ఇది ఎక్కువగా ఉంగరం వేలికే వస్తుంది, అదీ ఎదుటివాళ్ళ బట్ట పట్టుకున్నప్పుడే. దీనికి ఆపరేషన్ కావాలి, అదీ త్వరగా, రోజులు గడిచేకొద్దీ ఆ తాడు అరచేతి వైపు వెనక్కి పోతుంది. రెండోది దీనికి తలకిందులు, కొస కణుపు కిందికి వాలిపోయి సొంతంగా నిటారు కాకపోవడం. దీనికి చాలాసార్లు ఆపరేషన్ అవసరం లేదు, స్ప్లింట్ వేసి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒక్కసారి కూడా వంగనివ్వకుండా ఉంచాలి. స్నానానికి తీసినప్పుడు ఒక్కసారి వంగినా లెక్క మొదటికి వస్తుంది.

కాబట్టి వేలికి దెబ్బ తగిలిన వెంటనే మ్యాట్ పక్కనే పరీక్ష చేసుకోండి. మధ్య కణుపును రెండో చేత్తో కదలకుండా పట్టుకుని కొసను వంచండి, చాపండి. రెండూ అయితే ఊపిరి పీల్చుకోండి. ఏదో ఒకటి కాకపోతే మర్నాడే చేతి ఎముకల డాక్టరును చూడండి.

వేలు లాగి సరిచేస్తామనే స్నేహితులను దగ్గరికి రానివ్వకండి. మెటికలు విరిచినట్టు లాగడం ప్రతి క్లబ్బులోనూ చూస్తున్నాను. ఇంట్లో అమ్మమ్మలు పుత్తూరు కట్టు అంటారు, వాళ్ళ ప్రేమ అది, ముందు ఎక్స్‌రే తీయించుకుని ఎముక సంగతి తేలాక ఏదైనా మాట్లాడుకోవచ్చు.

మామూలు బెణుకైతే గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు, చెయ్యి పైకి పెట్టుకుని ఉండటం, ఆ వేలిని పక్క వేలితో కలిపి టేప్ వెయ్యడం. ప్రాక్టీసుకు ముందు టేప్ వేసేటప్పుడు కణుపు మీద మొత్తం చుట్టొద్దు. కణుపుకు పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు, రెండింటినీ కలుపుతూ అరచేతి వైపు అడ్డంగా ఇంటూ గుర్తు. వేలు వంగాలి, వెనక్కి మాత్రం పోకూడదు. వేలికొస నీలంగా మారితే బిగువు ఎక్కువైంది.


ఉప్పల్ నాన్న | సోమవారం మధ్యాహ్నం 2:40

అమ్మో, ఇది చదివి గుండె ఆగినంత పనైంది. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, జూడోలో చేరతానని నెలరోజులుగా పోరు పెడుతోంది. నిఖత్ జరీన్ 2022లో, 2023లో వరుసగా ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి మొదట బాక్సింగ్ అంది, వాళ్ళమ్మ మొహం మీద దెబ్బలు వద్దంటే జూడో అంటోంది. క్లబ్బు మంచిదో కాదో తెలియని వాళ్ళం ఎలా చూసుకోవాలి? ఎవరైనా చెప్పండి.


బర్కత్‌పురా బ్రౌన్‌బెల్ట్ | సోమవారం సాయంత్రం 5:10

అంకుల్, భయపడకండి. చేర్చేముందు ఒక సాయంత్రం వెళ్ళి గోడ పక్కన కూర్చుని క్లాసు మొత్తం చూడండి. కొత్తగా వచ్చినవాళ్ళతో ఏం చేయిస్తున్నారు? మొదటి వారాలంతా పడటమే నేర్పాలి. గడ్డం ఛాతీకి ఆనించి, కళ్ళు బెల్టు ముడి మీద పెట్టి, వెనక్కి, పక్కకి, ముందుకు దొర్లుతూ. తల నేలకు తగలకుండా ఉండేది ఆ గడ్డం వల్లే. పడేటప్పుడు చెయ్యి వెనక్కి ఊనకుండా, ఒంటికి కాస్త ఎడంగా చాపి అరచెయ్యి, ముంజెయ్యి మొత్తం మ్యాట్‌ని చరుస్తారు. చేరిన రెండో రోజే విసురుకోమంటున్న చోట చేర్చకండి.

మ్యాట్‌ల మధ్య సందులు లేకుండా ఉన్నాయా, బరువులో సమానమైన వాళ్ళనే జత కడుతున్నారా, అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది ఉందా చూడండి. నొప్పి అనిపించినప్పుడు రెండుసార్లు చేత్తో తడితే అవతలివాళ్ళు ఆ క్షణమే వదిలేస్తున్నారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. వదలడానికి ఒక్క సెకను ఆలస్యం చేసే సీనియర్లు ఉన్నారంటే, కోచ్ చూసి ఊరుకుంటున్నారంటే, ఆ క్లబ్బు వద్దు.


నల్లకుంట వయొలిన్ | సోమవారం రాత్రి 9:30

ప్రాక్టీసు నుంచి ఇప్పుడే వచ్చాను. ఫిజియో అక్కా, మీరు చెప్పిన పరీక్ష చేసి చూశాను, కొస వంగుతోంది, నిటారుగా చాపగలుగుతున్నాను. అమ్మ కూడా మీ పోస్టు చదివి నెమ్మదించింది.

రాంకోఠి రాగం గారూ, వాచిన వేలు అపశ్రుతికి చెవిని అలవాటు చేస్తుందన్న మాట రోజంతా వెంటాడింది. మా మాస్టారు ఈ మధ్య మధ్యమం కాస్త కిందికి పడుతోందని అంటున్నారు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఉంగరం వేలు పడేది సరిగ్గా అక్కడే.

ఉప్పల్ నాన్న గారూ, మీ అమ్మాయిని పంపండి. ఒకటి చెప్తాను. నేను సాయంత్రాలు కోఠిలో బస్సు మారతాను, భుజానికి సంచి, చేతిలో వయొలిన్ పెట్టె, జనం తోసుకుంటూ ఉంటారు. మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో ఆడవాళ్ళం ఎక్కువమందిమి ఉంటున్నాం, నిలబడే చోటు కూడా ఉండదు. డ్రైవర్ సడన్‌గా బ్రేక్ వేస్తే ఒకప్పుడు చేతికి అందిన రాడ్ కోసం వెతుక్కునేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళు కాస్త వంచి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాను, శరీరమే సర్దుకుంటుంది, పెట్టె కదలదు. ఎవరినైనా పడగొట్టడం కంటే ఇది నాకు ఎక్కువ నచ్చింది.


సైదాబాద్ లెఫ్టీ | సోమవారం రాత్రి 10:20

ఎవరూ చెప్పని దారి ఒకటి. ఎడమవాటంగా ఆడటం నేర్చుకో. అప్పుడు ఎడమచెయ్యి కాలర్ మీదికి వస్తుంది, స్లీవ్ పని కుడిచేతిది అవుతుంది. కుడిచెయ్యి కమాను పట్టుకునేదే కదా, ఒక కణుపు వాచినా పని నడుస్తుంది. పైగా లెఫ్టీలు తక్కువ కాబట్టి ఎదుటివాళ్ళకు మనతో అలవాటు ఉండదు, అదో లాభం.


బర్కత్‌పురా బ్రౌన్‌బెల్ట్ | సోమవారం రాత్రి 10:41

అన్నా, ఒప్పుకోను. కుడి, ఎడమ ఎదురుపడితే గ్రిప్ ఫైటింగ్ ఇంకా ఎక్కువ. ఇద్దరి ముందుచేతులూ ఒకే వైపు తగులుకుంటాయి, స్లీవ్ కోసం కొట్లాటే ఆటలో సగం అయిపోతుంది. వేళ్ళకు అదే ఎక్కువ ప్రమాదం. నెలలో పోటీ పెట్టుకుని ఇప్పుడు అడుగులన్నీ తిరగేసుకోమంటే ఆ అమ్మాయి ఓ-సోతో-గారి విసురు కూడా మర్చిపోతుంది.


సైదాబాద్ లెఫ్టీ | సోమవారం రాత్రి 10:58

పోటీ తర్వాత అయినా ఆలోచించమనే నా మాట. కాలర్ మీద పట్టులో వేళ్ళు సాగవు, మణికట్టు మీద పడుతుంది భారం, అది నా సొంత అనుభవం. గ్రిప్ కొట్లాట ఎక్కువన్నది మాత్రం నిజమే, దాన్ని కాదనను.


పాతబస్తీ తాలీం | మంగళవారం ఉదయం 7:05

మా ఇంట్లో మూడు తరాలు కుస్తీ. మా తాతయ్య తాలీంలోనే పెరిగారు, నేను కూడా కొన్నాళ్ళు మట్టిలో దిగాను. మాకు గుడ్డ పట్టు ఉండదు, ఒంటికి లంగోటీ తప్ప ఏమీ లేదు, అందుకే వేళ్ళ బాధ తక్కువ, మెడ, భుజాలు, చెవుల బాధ ఎక్కువ. వేళ్ళ గురించి మా వస్తాదు చెప్పేది ఒకటి ఉంది, వారంలో ఒకరోజు పట్టు పని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆరోజు మట్టి తవ్వడం, నూనె, పసుపు వేసి కలపడం, బస్కీలు, దండీలు అంతే. పార పట్టుకుంటే వేళ్ళకు పని కాదా అని అడగొద్దు, అది వేరే రకం పని, ఎవరూ గుంజరు కదా.

చెల్లి వారం చూస్తే శుక్రవారం రందోరి, శనివారం పొద్దున సాధకం. ఈ రెండింటి మధ్యే గొడవ. రందోరి మర్నాడు చేతులకు సెలవు ఇవ్వాలి.


రాంకోఠి రాగం | మంగళవారం ఉదయం 7:40

సరిగ్గా చెప్పారు. గట్టి సాధకం గురువారం క్లాసు, శుక్రవారం పొద్దున పెట్టుకోవాలి. శనివారం కమాను మాత్రమే, లేదంటే ఆ రోజు వినడమే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893-1964) పాత రికార్డులు పెట్టుకుని కళ్ళు మూసుకుని విను, ఎడమచేతి వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని ఏ స్వరానికి ఏ వేలో మనసులో వేసుకో. ఆయన కమాను ఎక్కడ తిప్పుతున్నారో చెవితో పట్టుకోవాలి. నా విద్యార్థులకు ఇదే హోంవర్కు ఇస్తాను, చాలామంది చెయ్యరు, చేసినవాళ్ళు నాకు తెలిసిపోతారు.


తార్నాక టీ టైం | మంగళవారం మధ్యాహ్నం 12:30

నేను జూడో ఆడను, టీవీలో చూస్తాను. పారిస్ పారాలింపిక్స్‌లో, 2024లో, కపిల్ పర్మార్ కంచు పతకం గెలిచాడు, పారాలింపిక్స్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం. ఆ పోటీలు చూసినప్పుడు గమనించాను, చూపు లేనివాళ్ళ జూడోలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నాకే రిఫరీ మొదలుపెట్టమంటాడు. పట్టు కోసం కొట్లాట ఉండదు, నేరుగా విసరడంలోకి పోతారు. మీరు ప్రాక్టీసులో అలా చెయ్యలేరా? ఆడేవాళ్ళు చెప్పాలి, నాకు తెలియదు.


బర్కత్‌పురా బ్రౌన్‌బెల్ట్ | మంగళవారం మధ్యాహ్నం 1:02

అన్నా, అద్భుతమైన మాట అన్నారు. చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. రందోరిలో సగం రౌండ్లు పట్టుకున్న చోట నుంచే మొదలుపెట్టి, ఎవరూ పట్టు విడిపించుకోకూడదని ముందే అనుకుంటే, వేళ్ళకు విశ్రాంతి, అడుగులకూ నడుముకూ పని. పట్టు కోసం రౌండు మొత్తం తగవులాడుకుని ఒక్క విసురు కూడా వెయ్యకుండా దిగిపోయే పిల్లలు ప్రతి క్లబ్బులోనూ ఉన్నారు, వాళ్ళకైతే ఇది మరీ అవసరం. పోటీకి ముందు వారాల్లో మాత్రం పట్టు పని కూడా ఉండాలి, పూర్తిగా మానెయ్యకు చెల్లీ.


ఫుట్‌పాత్ పుస్తకాలు | మంగళవారం రాత్రి 8:15

మీ వారంలో ఆదివారం ఆబిడ్స్ చూసి లోపలికి వచ్చాను. అక్కడ ఏం వెతుకుతారు? నేను పాత తెలుగు బాలల పత్రికలు, పాత అట్లాసులు. వానాకాలం ఆదివారాలు వాళ్ళు పుస్తకాల మీద ప్లాస్టిక్ షీట్లు కప్పి కూర్చుంటారు, వాన తెరిపి ఇచ్చాక షీటు తీసే ఆ పావుగంటలో వెళ్తే జనం ఉండరు, కుప్ప మొత్తం మనదే.


నల్లకుంట వయొలిన్ | మంగళవారం రాత్రి 10:10

నేను పాత సంగీతం పుస్తకాలు, స్వరలిపి ఉన్నవి. ఈ మధ్య ఎవరో పెన్సిలుతో వేళ్ళ గుర్తులు వేసుకున్న పుస్తకం ఒకటి దొరికింది. ప్రతి స్వరం కింద ఒకటి, రెండు, మూడు అని చిన్న అంకెలు. ఒక పేజీలో మాత్రం మూడు ఉన్న చోటల్లా కొట్టేసి రెండు వేసుకున్నారు. ఆ మనిషికీ ఉంగరం వేలు బాగాలేదేమో అనిపించి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ వేళ్ళతోనే ఇప్పుడు నేను వాయించి చూస్తున్నాను, బాగా కుదురుతోంది, రాంకోఠి రాగం గారు చెప్పిన జారుడు కూడా ఇందులోనే వస్తోంది.


ఓయూ హాస్టల్ | బుధవారం రాత్రి 11:20

తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కా మీ బరువు 52 కిలోల తరగతికి కొంచెం పైన ఉంటే తగ్గమంటారు క్లబ్బులో, మా ఫ్రెండ్ ఒకతను నీళ్ళు మానేసి కళ్ళు తిరిగి పడ్డాడు.


ఫిజియో అక్క | గురువారం ఉదయం 7:00

కాలేజీ స్థాయి పోటీకి నీళ్ళు మానేసి బరువు తగ్గడం అస్సలు వద్దు. ఈ ఊరి ఎండలో, ఉక్కలో మరీ ప్రమాదం. ఒకటి రెండు కిలోలు ఎక్కువ ఉంటే 57 కిలోల తరగతిలో ఆడండి. తిండి అంటే ఇంటి తిండే చాలు, పొద్దున పెసరట్టు, ప్రాక్టీసుకు గంటన్నర ముందు అరటిపండు, గుప్పెడు పల్లీలు, తర్వాత పప్పన్నం, గుడ్డు. హాస్టల్ వాళ్ళు రాత్రి ఆలస్యంగా వచ్చి మెస్ మూసేశారని బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు, గాయాలు మానకపోవడానికి అదీ ఒక కారణమే. మెస్‌లో ముందే చెప్పి ప్లేటు పక్కన పెట్టించుకోండి.


నల్లకుంట వయొలిన్ | కొన్ని వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:45

చెప్పినవన్నీ చేసి చూశాక రాద్దామని ఆగాను.

కోచ్ సార్‌తో మాట్లాడితే వెంటనే ఒప్పుకున్నారు. శుక్రవారం రందోరిలో మొదటి రౌండ్లు పట్టుకున్న చోట నుంచే అందరితోనూ చేయిస్తున్నారు. విసుర్లు పెరిగాయి, క్లాసు మొత్తానికి తేడా తెలుస్తోంది, నాకంటే చిన్న బెల్ట్ అమ్మాయి ఒకతె నన్ను ఇప్పోన్ సెయోయి నాగేతో శుభ్రంగా ఎత్తి పడేసింది, అంత చక్కగా పడటం కూడా ఆనందంగానే ఉంది. పట్టు పోతున్నప్పుడు వదిలెయ్యడం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, చెయ్యి దానంతట అదే బిగుసుకుంటోంది. దాని మీద పని చేస్తున్నాను.

సాధకం గురువారం రాత్రి, శుక్రవారం పొద్దున పెట్టుకున్నాను. శనివారం కమాను మాత్రమే. మాస్టారు నిన్నటి వారం క్లాసులో కమాను ఎవరు నేర్పారమ్మా ఇలా అని అడిగారు, ఈ చర్చ సంగతి చెప్పాను. రాంకోఠి రాగం గారికి ఆయన నమస్కారాలు. మధ్యమం మళ్ళీ తన చోటికి వచ్చింది, తంబురా పెట్టుకుని రోజూ చూసుకుంటున్నాను.

టేప్ విషయంలో ఇంకెవరికైనా పనికొస్తుందని ఒక మాట. జిగురు వేళ్ళకు అంటుకుంటే కొబ్బరినూనెతో రుద్దితే పోతుంది, కానీ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి, లేకపోతే ఆ జిడ్డు తీగలకు పట్టి స్వరం మొద్దుబారుతుంది. గోళ్ళు మాత్రం రెండింటికీ ఒకే నియమం, పొట్టిగా ఉండాలి, అక్కడ కోచ్ సార్ చూస్తారు, ఇక్కడ మాస్టారు చూస్తారు.

పోటీ వచ్చే ఆదివారం. పరీక్ష ఆ తర్వాతి వారం.


రాంకోఠి రాగం | శనివారం రాత్రి 8:00

చాలా సంతోషం తల్లీ. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కొత్తవి ఏమీ మొదలుపెట్టకు. పోటీ అయ్యాక వేళ్ళు ఎలా ఉన్నాయో మీ మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పు, ఏ వర్ణం ఎంచుకోవాలో ఆయన చూసుకుంటారు.


ఉప్పల్ నాన్న | ఆదివారం ఉదయం 9:25

మేం ఒక క్లబ్బుకి వెళ్ళి రెండు సాయంత్రాలు గోడ పక్కన కూర్చుని చూశాం. కొత్తపిల్లలతో పడటమే చేయిస్తున్నారు, తట్టగానే వదులుతున్నారు. వాళ్ళమ్మ కూడా వచ్చింది, ఒప్పుకుంది. సోమవారం నుంచి చేరుస్తున్నాం. డ్రెస్ ఇప్పుడే కొనాలా, ఏ సైజు తీసుకోవాలి?


బర్కత్‌పురా బ్రౌన్‌బెల్ట్ | ఆదివారం ఉదయం 9:50

శుభం అంకుల్. మొదటి నెల జిప్పులు, బటన్లు లేని ట్రాక్‌ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ టీషర్టు చాలు. తర్వాత కొనేటప్పుడు పలచటి నేతది తీసుకోండి, మందపాటిది పోటీలకు, కొత్త వేళ్ళకు గరుకు. కాటన్ కాబట్టి ఉతికితే కుంచించుకుపోతుంది, ఒక సైజు పెద్దది తీసుకుని మొదటిసారి చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి. ఈ వానల్లో ఆరడానికి రెండు రోజులు పడుతుంది, సోమవారం తడిపితే బుధవారానికి అందదు, అది చూసుకోండి.